అడుగు లేని చోట నడిచే బండి

బోధన్‌లో మంచు పడదు. మేము మంచు అని పిలిచేది డిసెంబరు పొద్దున చెరుకు ఆకుల మీద కనిపించే తడిని. ఎనిమిదింటికల్లా అదీ ఉండదు. అలాంటి ఊళ్లో, ఎడపల్లి వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, మా బావ సిద్దిరాములు మంచు మీద నడిచే బండి తయారు చేశాడు. ఎక్కడివో రెండు ముక్కలు తెచ్చి మోటార్‌సైకిలుకు తగిలించలేదు. మొదటి బోల్టు నుంచి మంచు కోసమే కట్టాడు. ఆ పనిలో ఆయనకు సాయం నేను. పరీక్షల్లో రోగిగా పడుకున్నదీ నేనే. అడిగినవాళ్లకు బావ ఈ సంగతి చెప్పడు, చెప్పినా నా ముచ్చట రానివ్వడు. కాబట్టి నేనే చెప్తున్నాను.

నా పేరు రాజారాం. చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు బాయిలర్ ఫిట్టర్‌గా చేశాను. అది మూతపడ్డాక మా అక్క భాగ్యలక్ష్మి ‘బావ షెడ్డుకు పో’ అన్నది, పోయాను. బావ చేసేవి కేజ్‌వీల్స్. నీళ్లు నిండిన వరి మడిలో బురదను కరిగెట దున్నేటప్పుడు ట్రాక్టర్‌కు తగిలించే ఇనుప చక్రాలు అవి. జిల్లాలో సగం ట్రాక్టర్లకు తన చక్రాలే అంటాడు బావ. సగం లేవు. పావు ఉంటాయి.

బావకు ఒక్కతే కూతురు, నిరోష. మాక్లూర్ దగ్గర రైస్‌మిల్లు ఆఫీసులో పని చేస్తుంది. ఆమె భర్త అనిల్‌కుమార్ తవ్వే మిషన్ నడుపుతాడు. హిమాచల్‌లో ఒక కొండ మీద సొరంగం పని. చలికాలం పని ఆగినా మిషన్లకు కాపలాగా పద్నాలుగు మంది క్యాంపులోనే ఉండాలి. మా అల్లుడు అందులో ఒకడు. వాళ్లకు వంట చేసే లింబయ్యది మన జిల్లాలో ముప్కాలే. అతన్ని ఆ పనిలో పెట్టించింది కూడా అనిలే.

నిరుడు జనవరిలో లింబయ్యకు ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయి. అంత ఎత్తులో అలా అవుతుందట. తొందరగా కిందికి దింపితే మనిషి బతుకుతాడట. అంబులెన్సు రాగలిగే రోడ్డు క్యాంపుకు ఏడు కిలోమీటర్ల దూరం. మధ్యలో నాలుగు చక్రాల బండి పట్టని సన్నటి బాట, దాని మీద మెత్తటి మంచు. క్యాంపులో ఒక మోటార్‌సైకిలు ఉండేది. దాని ముందు చక్రం తీసి జారే పలక, వెనుక చక్రం తీసి రబ్బరు పట్టా బిగించారు. లింబయ్యను ఎక్కించుకుని బయలుదేరితే రెండో కిలోమీటరు దాటకముందే ఆ బిగించిన చోటే విరిగింది. అక్కడి నుంచి దుప్పట్లో వేసి మోశారు. మొత్తం ఆరు గంటలు పట్టింది. ఐదో కిలోమీటరు దగ్గర లింబయ్య పోయాడు. మిగతా రెండు కిలోమీటర్లు కూడా మోసింది అనిల్ వాళ్లే.

అనిల్ శవాన్ని ముప్కాల్‌కు తీసుకొచ్చిన రోజు నేనూ బావా వెళ్లాం. లింబయ్య తల్లి భూమవ్వ గడపలో కూర్చుని ఉంది. అనిల్‌ను దగ్గరికి పిలిచింది.

“ఎంత దూరం కొడుకా, గా రోడ్డు?”

“ఏడు కిలోమీటర్లు అవ్వా.”

“ఈడికెళ్లి డ్యాం కాడికి ఉన్నంత.”

“గంతనే ఉంటది.”

“గంత దూరానికి బండి లేకుండెనా?”

ఆమె తిట్టడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తిట్టి ఉంటే మాకు సులువయ్యేది. అనిల్ నేల చూశాడు. నేను గోడకు ఆనించిన బీడీల చాటను చూశాను. బావ మాత్రం ఆమె ముఖాన్నే చూశాడు. 

తిరుగు ప్రయాణంలో అనిల్ మాతోనే బస్సెక్కాడు. ఆర్మూర్ దాటాక బావ విరిగిన బండి ఫోటో అతని ఫోన్‌లో చూపించమన్నాడు, బస్సు నిజామాబాద్ చేరేదాకా దాన్నే చూశాడు.

“గిది రోడ్డు కోసం పుట్టింది,” అన్నాడు చివరికి. “దీనికి పట్టా కట్టి మంచుల ఇడిస్తే ఏంజేస్తది పాపం.”

బావ పాపం అన్నది మోటార్‌సైకిలును.

ఎండాకాలం పని మొదలై అనిల్ మళ్లీ కొండకు పోయాడు. దీపావళికి వస్తాననీ, చలికాలం కూడా ఉంటాననీ ఫోన్‌లో చెప్పాడు. అతను మామూలుగానే తక్కువ మాట్లాడతాడు, లింబయ్య పోయాక ఫోన్లో ఆ, ఊ తప్ప ఏమీ లేవు. ఒక ఆదివారం నిరోష షెడ్డుకు వచ్చి తండ్రి ముందు నిలబడింది.

“ఆయన మల్ల ఉంటా అంటుండు బాపు. పదమూడు మంది ఉంటరట, వాళ్లను ఇడిసిపెట్టి రాడట. నువ్వు బండన్న జెయ్యి, లేకుంటే ఆయననన్న ఆపు. రెండిట్ల ఒకటి జెయ్యి.”

అల్లుణ్ణి ఆపడం బావ వల్ల కాదు. ఆ మాటకొస్తే ఎవరి వల్లా కాదు. కాబట్టి బండి మొదలైంది.

పైపులతో చట్రం కట్టాడు. యాక్సిడెంట్ అయిన బండి ఇంజను తెచ్చి, చట్రంలో కిందికి, నడి మధ్యకు కూర్చోబెట్టాడు. వెనుక చక్రం స్థానంలో గొలుసు పట్టా. దానికి నాలుగు వేళ్ల ఎత్తున ఇనుప పళ్లు, ఒక్కొక్కటి పదునుగా సాన పట్టినవి. అంతా కలిపి రెండు వందల నలభై కిలోలు తూగింది. బరువెక్కువైంది అన్నాను.

“బరువు లేకుంటే పట్టు యాడికెళ్లి వస్తది?” అన్నాడు.

పైగా దానికి హారన్ కూడా పెట్టాడు. మంచులో ఎవరికి కొడతారు హారన్ అని అడిగాను.

“బండి అన్నంక హారన్ ఉండాలె.”

ఇక పరీక్ష ఎక్కడ చేయాలన్నది సమస్య. నిజామాబాద్ జిల్లాలో మంచులాంటి వస్తువు ఏముంది? ఇసుక బరువు. చెరుకు పిప్పి పీచు పీచుగా చుట్టుకుంటుంది. పసుపు యార్డులో పసుపు ఉంది కానీ దాని మీద బండి ఎక్కనిచ్చే సేటు లేడు. నిరోషే దారి చెప్పింది. వాళ్ల మిల్లు వెనుక ఊక కుప్ప ఉంది, ఒకటిన్నర అంతస్తు ఎత్తు, మనిషి ఎక్కితే తొడల దాకా దిగబడతాడు. మే నెల ఒక ఆదివారం మిల్లు యజమాని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాక ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి నీడలో కుర్చీలు వేయించాడు.

బండి వెనుక ఒక రేకు పలక కట్టి నన్ను దాని మీద పడుకోబెట్టారు. చెరుకు లోడుకు వాడే తాడుతో బిగించారు. బావ ఎక్కి స్టార్ట్ చేసి కుప్పలోకి పోనిచ్చాడు. పట్టా తిరిగింది, ఊక లేచింది, బండి ముందుకు పోకుండా కిందికి పోయింది. వెనుకే నేనూ పోయాను. కొంతసేపు నాకు ఏమీ కనిపించలేదు. తర్వాత కర్రుమని చప్పుడైంది. ఇనుప పళ్లు కింద సిమెంటు గచ్చును అందుకున్నాయి. బండి ఒక్క దూకు దూకి కుప్పను చీల్చుకుని అవతలి పక్క బయటపడింది. యజమాని పిల్లలు చప్పట్లు కొట్టారు. నా చెవుల్లోంచి ఊక రెండు రోజులు వచ్చింది.

“సూసినవా,” అన్నాడు బావ ముఖం తుడుచుకుంటూ. “అడుగు దొర్కంగనె అందుకున్నది.”

నిరోష వీడియో తీసి అనిల్‌కు పంపింది. రెండు గంటల తర్వాత ఫోన్ వచ్చింది.

“మామా, ఈడ అడుగు లేదు.”

“అడుగు లేకుండ ఎట్లుంటది?” అన్నాడు బావ.

“లేదు. మంచు కింద మంచే. కొన్నికాడ ఇరవై ఫీట్లుంటది. కింద ఏమున్నదో సూసినోడు లేడు.”

“ఏడనో ఓకాడ గట్టిది తల్గుతది గద.”

“తల్గేదాక పోతే మల్ల మీదికి రాం మామా.”

బావ ఫోన్ బల్ల మీద పెట్టి, దాన్ని కొంచెం పక్కకు జరిపాడు. 

నలభై ఏళ్లుగా ఆయన బతుకు ఒకే ఒక్క నమ్మకం మీద నడిచింది. బురద పైన మెత్తగా ఉంటుంది, కింద గట్టిగా ఉంటుంది. మెత్తదాన్ని కోసుకుంటూ గట్టిదాన్ని అందుకోవడమే చక్రం పని. వరి పండించే చోట ఎడ్లకు కూడా ఈ సంగతి తెలుసు. కింద ఏమీ లేని చోటు ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు. బావను తిట్టుకోవడానికి నాకూ హక్కు లేదు. నేను అన్నది బరువెక్కువైందని మాత్రమే. అడుగు ఉంటుందా అని నేనూ అడగలేదు.

వారం రోజులు బావ పని ముట్టలేదు. నాట్ల ముందు కేజ్‌వీల్స్‌కు వచ్చినవాళ్లను కూడా తర్వాత రమ్మన్నాడు. నాకు కోపం వచ్చింది. షెడ్డు మూసుకుని కూర్చుంటే మంచు కింద గచ్చు పుడుతుందా అని అరిచాను. ఆయన వినలేదు. ఇంతలో మిల్లు నుంచి కబురు వచ్చింది. ఊకలో ఇంజన్ ఆయిల్ పడింది, వచ్చి తీసుకుపొమ్మని. ఇద్దరం పారలు తీసుకుని వెళ్లాం.

కుప్ప మీద సత్తవ్వ సంచులు నింపుతోంది. అరవై ఏళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా అదే కుప్ప మీద ఉంది. మేము తొడల దాకా దిగబడి ఈదుతుంటే ఆమె మా నెత్తి మీదుగా నడిచి పోయింది. నడవడం అనకూడదు. కాలు ఎత్తడం లేదు. రెండు పాదాలకూ మడత పెట్టిన గోనె సంచులు కట్టుకుంది, వాటిని జరుపుకుంటూ పోతోంది.

“నువ్వెందుకు దిగబడ్తలేవు సత్తవ్వా?” అడిగాడు బావ.

“తొక్కితే మింగుతది. పరుసుకొని జరగాలె,” అన్నది ఆమె చేతిపని ఆపకుండా. “మొన్న నువ్వు జేసింది సూసిన. ఊకతోని కొట్లాడినవ్.”

బావ పార పక్కన పెట్టి ఊకలోనే కూర్చున్నాడు. గంటసేపు ఆమె పాదాలనే చూశాడు. చివరికి సత్తవ్వ ఆఫీసు కిటికీ దగ్గరికి పోయి, మీ బాపుకు ఒంట్లో మంచిగుందా అని నిరోషను అడిగింది.

మర్నాడే ఇనుప పళ్లన్నీ కోసి పడేశాడు. నిజామాబాద్ పాత సామాన్ల దుకాణంలో, ఒకప్పుడు చెరుకు పిప్పి మోసిన రబ్బరు బెల్టు దొరికింది. దాన్ని మూరెడు వెడల్పు, ఐదడుగుల పొడవున నేల మీద పరుచుకునేలా చుట్టాడు. పళ్ల స్థానంలో రెండు వేళ్ల రబ్బరు పట్టీలు. పైపులు సన్నవి వేశాడు. ప్రతి బోల్టునూ కిరాణా తక్కెడలో తూచి, సగం బోల్టులు తీసేశాడు. మూడు నెలల్లో బండి నూట పద్దెనిమిది కిలోలకు దిగింది. హారన్ మాత్రం తీయలేదు.

ముందు చక్రం చోట జారే పలకకు మొదట బెల్లం కడాయి కోసి చూశాం. కడాయి అంచు ముందే పైకి వంగి ఉంటుంది కనుక నాకు నచ్చింది. కానీ బరువు. తర్వాత నీళ్లు పట్టుకునే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కోసి, కొలిమి సెగకు పట్టి వంచాం. అది ఊక మీద చేప పిల్లలా జారింది. మే నెలలో రోగి పలకను వెనుక తాడుతో కట్టాం కదా, కొండ బాట మీద అది పక్కకు జారి బండినీ లాక్కుపోతుందని అనిల్ చెప్పాడు. అందుకని రోగి సీటును చట్రంలోనే కలిపి, నడిపేవాడి వెనుక, పట్టా మీదకే వచ్చేలా కట్టాడు బావ. ఊపిరాడని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దని నిరోష డాక్టరును అడిగి వచ్చింది. దాంతో అది సగం కూర్చునే సీటయింది. నాకు అదొక్కటే మేలు జరిగింది.

పొగ గొట్టం సంగతి నేను చూసుకున్నాను. వేడికి మంచు కరిగి, పట్టా లోపలికి పోయి, అక్కడ మళ్లీ గడ్డ కడుతుందట. గొట్టాన్ని పట్టాకు దూరంగా, పైకి తిప్పాను. అది సరిపోతుందో లేదో చూడడానికి ఆగస్టులో ఐసు ఫ్యాక్టరీ నుంచి ఆరు దిమ్మలు తెప్పించి, సుత్తెలతో పొడి చేసి, షెడ్డులో పరిచాం. ఐసు తెచ్చిన ఆటో అతను పెళ్లి ఎవరిదని అడిగాడు. పరీక్ష పదకొండు నిమిషాలు జరిగింది. తర్వాత మా దగ్గర నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసి అక్కడల్లా చట్రానికి తూట్లు పెట్టాం.

అక్టోబరులో మళ్లీ మిల్లుకు పోయాం. ఈసారి ప్రేక్షకులు లేరు, సత్తవ్వ తప్ప. బావ మెల్లగా కుప్ప మీదికి పోనిచ్చాడు. బండి కిందికి పోలేదు. పైకి ఎక్కింది, అంచున తిరిగింది, అవతల దిగి మళ్లీ ఎక్కింది. సత్తవ్వ వంగి పట్టా జాడలో వేళ్లు పెట్టి చూసింది.

“రెండు వేళ్ల లోతే,” అన్నది. “ఇప్పుడు కొట్లాడ్తలేవు.” సంచులు నింపుకోవడానికి వెళ్లిపోయింది.

వెనుక సీట్లోంచి నేను దిగబోయాను. బావ ఆగమన్నాడు. ఏడు కిలోమీటర్లు తిరగాలట. కుప్ప మీదే అంచు వెంట ఒక చుట్టుకు యాభై మీటర్లు, అంటే నూట నలభై చుట్లు. వెనుక కూర్చుని నేనే లెక్కపెట్టాను. తొంభై రెండో చుట్టులో వాంతి చేసుకున్నాను. రోగికి కూడా వాంతి కావచ్చు కదా అని బావ ఆపలేదు. యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది.

దీపావళికి అనిల్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, పట్టాను బొటనవేలితో నొక్కి చూశాడు, వెనుక సీట్లో కాసేపు కూర్చున్నాడు. బాగుందని అనలేదు. లేచేటప్పుడు సీటు అంచును చేత్తో తుడిచాడు. విడదీసి ఆరు గోనె సంచుల్లో కట్టి ఢిల్లీ పోయే పసుపు లోడు లారీలో వేశాం, అక్కడి నుంచి అనిల్ తీసుకుపోయాడు. ట్యాంకు మీద నీ పేరు రాసుకోవా అని బావను అడిగాను.

“నడవనియ్యి ముందు,” అన్నాడు.

నడిచింది. నవంబరంతా ఉల్లిగడ్డలు మోసింది, డిసెంబరంతా డీజిల్ డబ్బాలు మోసింది. అనిల్ ఇంకో ఇద్దరికి నడపడం నేర్పాడు. వారానికోసారి ఫోన్ చేసి నిరోషకు రెండు ముక్కలు చెప్పేవాడు. బావ ఫోన్ అందుకుని ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

“ఎవ్వలకేం కాలేదా?”

నాలుగోసారి అలా అడిగినప్పుడు అక్క వంటింట్లోంచి బయటికి వచ్చింది.

“ఎవనికన్న రోగం రావాలని మొక్కుతున్నవా ఏంది?”

బావ ముఖం మాడిపోయింది. ఆ తర్వాత అడగడం మానేశాడు. అడగకుండా ఉండడం ఆయనకు ఎంత కష్టమైందో షెడ్డులో రోజంతా పక్కన ఉన్న నాకు తెలుసు. బండి ఉల్లిగడ్డలకే పరిమితమైపోవాలని కోరుకోవాలి, అదే మంచి మనిషి కోరిక. కానీ ముప్కాల్‌లో ఒక ముసలామె అడిగిన మాటకు ఉల్లిగడ్డలు జవాబు కావు.

జనవరి మూడో వారం, పొద్దున పదకొండింటికి, ఫోన్ నిరోషకు కాక నేరుగా బావకు వచ్చింది. బావ వెల్డింగ్ ఆపి స్పీకర్ పెట్టాడు. అనిల్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అతని నోట అన్ని మాటలు పెళ్లయిన ఈ ఆరేళ్లలో నేను వినలేదు. రాయి తొలిచే మిషన్ మీద పనిచేసే బీహార్ అతనికి, ముప్పై ఏళ్లుంటాయి, ముందు రోజు పొద్దున పెదాలు నల్లబడ్డాయి. లింబయ్యకు మొదలైనట్టే మొదలైంది. వెనుక సీట్లో కూర్చోబెట్టి కట్టి బయలుదేరారు. మూడో కిలోమీటరులో రాత్రి పడిన కొత్త మంచు నడుము లోతుంది. అక్కడ బండి నెమ్మదించింది, ఆగలేదు. యాభై నిమిషాల్లో రోడ్డెక్కించాడు. పొద్దున ఆస్పత్రికి పోయి చూస్తే ఆ మనిషి కిచిడీ తింటున్నాడట, ఉప్పు తక్కువైందని అన్నాడట.

“యాడ దిగబడలేదా?” అడిగాడు బావ.

“యాడ దిగబడలేదు మామా.”

“ఐదో కిలోమీటరు కాడ?”



“గాడ ఆగలేదు మామా. హారన్ కొట్టిన.”

బావ వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చేతిలో రాడ్డు లేదు, వెల్డింగ్ చేయడానికి ఎదురుగా ఏమీ లేదు. నేను బయటికి వెళ్లి చాలాసేపు రోడ్డు చూశాను. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మర్నాడు ముప్కాల్ వెళ్లాం. భూమవ్వ గడపలోనే కూర్చుని బీడీలు చుడుతోంది. బావ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“అవ్వా, గప్పుడు నువ్వు అడిగినవ్ గద, గంత దూరానికి బండి లేకుండెనా అని.”

“అడిగిన.”

“ఇప్పుడున్నది.”

బీహార్ అతని సంగతి మొత్తం చెప్పాడు. ఊక సంగతి, సత్తవ్వ సంగతి చెప్పలేదు. తను చేసినట్టు కూడా చెప్పలేదు. ఆమె వింటూ చేతిలోని బీడీకి దారం చుట్టింది.

“ఎంతసేపట్ల తెచ్చింది?”

“యాభై నిమిషాలు.”

“మా లింబయ్య ఐదో కిలోమీటరు దాక పాణంతోనే ఉండె గద?”

“ఉండె.”

“గది ఎంతసేపు?”

“నాలుగు గంటల మీద, అవ్వా.”

“నాలుగు గంటలు ఉన్నోడు యాభై నిమిషాలు ఉండకపోవునా.”

ఇలాంటప్పుడు ఎవరైనా రాత అనో, దేవుడనో ఏదో ఒకటి అంటారు. నేనైతే అనేవాణ్ణి. నోటి దాకా వచ్చింది కూడా.

“ఉంటుండె అవ్వా,” అన్నాడు బావ.

ఆమె తల ఊపింది. చుట్టిన బీడీని చాటలో వేసి, ఇంకో ఆకు తీసుకుని, దాన్ని కత్తిరించకుండా చేతిలోనే పట్టుకుంది.

“గా పిలగాని తల్లికి ఫోన్ జేసిండ్రా?” అని అడిగింది.

మాకు ఆ ఆలోచనే రాలేదు. అక్కడే గడప ముందు నిలబడి అనిల్‌కు ఫోన్ చేశాను. చేశాడట, దింపిన రోజే, రోడ్డు మీద నుంచే. ఆ మాట చెప్పాక భూమవ్వ ఆకు పక్కన పెట్టి లేచింది. ఛాయ్ తాగి పొమ్మన్నది. తాగాం.

తిరిగి బస్సెక్కాం. ఆర్మూర్ బస్టాండులో బస్సు ఆగి, పల్లీలవాడు ఎక్కి దిగాక బావ అన్నాడు.

“రెండో బండి నలభై నిమిషాలకు రావాలె.”

ఊక కుప్ప మీద నూట నలభై చుట్లు ఈసారి ఎవరు తిరగాలని నేను అడగలేదు. తొంభై రెండో చుట్టు గుర్తొచ్చి, కొన్న పల్లీలు మాత్రం తినలేదు.